కాలు విరిగిన నాలుగు

“సంతకం పెట్టేముందు నీళ్ళు తాగండి,” అంది మార్త.

ఆదివారం మధ్యాహ్నం మూతబడిన నోరు గురువారం మధ్యాహ్నం తెరుచుకుంది. నాలుగు రోజుల తర్వాత భార్య తనతో అన్న మొదటి మాట కావడంతో కృపానందం పొంగిపోయాడు. పేరులో సగం ఆనందం ఎలాగూ ఉంది. మిగతా సగం కృప కోసమే ఈ నాలుగు రోజులూ వంటింటి గుమ్మం దగ్గర కాపలా కాశాడు.

“తే, తే. గొంతెండిపోతోంది,” అన్నాడు కలం మూత తీస్తూ.

ఆమె తెచ్చింది గ్లాసు కాదు, ఇత్తడి బిందె. చంకలోంచి దించి బల్లమీద, సంతకం పెట్టాల్సిన కాగితం పక్కనే ధన్‌మని పెట్టింది. నాలుగు చుక్కలు ఎగిరి కాగితం మీద పడ్డాయి.

బల్లకు అవతల కూర్చున్న హనుమయ్య కాగితాన్ని లటుక్కున లాగి పంచె చెంగుతో అద్దాడు. ఆయన పాతబళ్ళ ప్రదర్శన కమిటీకి కార్యదర్శి. పాత బండి అంటే ఆయనకు తెలిసింది తన స్కూటరొక్కటే.

“తడవనివ్వకండమ్మా! సాక్ష్యం కదా. తడిస్తే కేసు చల్లారిపోద్ది.”

“చల్లారితే మంచిదేగా అన్నయ్యగారూ,” అంది మార్త.

మూలన మంచమ్మీద కృపానందం తల్లి దానమ్మ దగ్గింది. ఆ దగ్గు దగ్గు కాదనీ, అభిప్రాయమనీ ఇంట్లో అందరికీ తెలుసు.

హనుమయ్య లోకం తెలిసినవాడు. మొగుడూ పెళ్ళాల మధ్య బిందె వచ్చి కూర్చుంటే మూడో మనిషి లేవాలని గ్రహించి లేచాడు. “ఐదింటికి నేను రవూఫ్ షెడ్డుకే వెళ్తున్నానండీ కృపానందంగారూ. లారీకి కట్టిన మన కమిటీ బోర్డు విప్పించుకు రావాలి. సంతకం చేసి మీరూ అక్కడికే వచ్చెయ్యండి. రేప్పొద్దున మద్రాసునుంచి పరీక్ష చేసే ఆయన దిగుతున్నాడు. ఆయన చేతిలో ఈ కాయితం పెడితే, వచ్చే ఆదివారం ఊరేగింపులో ఆ లారీ ఉండదు. ఆ తర్వాత రోడ్డుమీదా ఉండదు.”

“అలాగేనండీ,” అన్నాడు కృపానందం. ఆ అండీ ఎందుకో ఎండిపోయి వచ్చింది.

స్కూటరు చప్పుడు గవర్నర్‌పేట సందడిలో కలిసిపోయేదాకా మార్త కదల్లేదు. తర్వాత కాగితాన్ని తన వైపు తిప్పుకుని పైకే చదివింది.

“‘సదరు ఫోర్డు లారీ 1924 నాటిది కాదనియు, ఇంజనుపై గల నంబరు అబ్దుల్ రవూఫ్ తన షెడ్డులో దొంగతనముగా కొట్టినదనియు నా నిశ్చితాభిప్రాయము.’ ఈ నిశ్చితం ఎవరు రాశారు?”

“హనుమయ్యగారు.”

“అభిప్రాయం?”

“నాదే.”

ఊళ్ళో ఏ పాత బండైనా సరే, ఏ కంపెనీదో ఏ ఏట పుట్టిందో తేలాలంటే కృపానందం దగ్గరికే రావాలి. బానెట్టు ఎత్తక్కర్లేదు, ఇంజను రెండుసార్లు దగ్గితే వయసు చెప్పేస్తాడు. రేడియేటరు మెడ ఒంపు చూసి తాత ముత్తాతల దాకా వెళ్తాడు. మోటారు మనిషి కనుక మాట కాస్త మోటు. మొన్న ఆదివారం ప్రదర్శన మైదానంలో ఆ మోటు మాటే వెళ్ళి రవూఫ్ నెత్తిన పడింది.

ఆ లారీ ఉయ్యూరు దగ్గర చెరుకు తోటలో చక్రాలదాకా మట్టిలో కూరుకుపోయి ఉంటే రవూఫ్ తవ్వి తెచ్చుకున్నాడు. నాలుగేళ్ళు కూర్చుని దానికి ప్రాణం పోశాడు. అలాంటి లారీ ముందు నిలబడి కృపానందం, మైకు అక్కర్లేని గొంతుతో, “చూడండయ్యా, ఒకే నంబరులో రెండు రకాల నాలుగులు! ఒక నాలుక్కి కాలుంది, ఇంకో నాలుక్కి కాలు లేదు. కంపెనీవాడు కుంటి అంకెలు కొడతాడా? ఇది అమెరికాలో పుట్టిన నంబరు కాదు, రవూఫ్ ఇంట్లో పుట్టిన నంబరు!” అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. కారు గురించి మాట్లాడమని పిలిస్తే కారుకూతలు కూసి వచ్చాడు, అంతే తేడా.

రవూఫ్ ఎదురు చెప్పలేదు. “మీరు చెప్తే అంతేలెండి,” అని బానెట్టు మూశాడు. ఇద్దరూ కుర్రతనంలో ఒకే షెడ్డులో, కృపానందం తండ్రి ఏసుపాదం మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా ‘నువ్వు’ అన్న మనిషి ఆ రోజు ‘మీరు’ అన్నాడు. ఆ మాటా, చూసిన చూపూ కృపానందానికి అన్నంలో రాయిలా తగులుతూనే ఉన్నాయి. అయినా నమిలేశాడు.

“ఆ లారీ మీద నంబరు పెన్సిలుతో రుద్ది తెచ్చారుగా, ఆ కాయితం తీయండి,” అంది మార్త.

“ఎందుకిప్పుడు?”

“తీయండి.”

సాక్ష్యానికి గుండుసూదితో గుచ్చిన పల్చటి కాగితం ఊడదీశాడు. ఇంజను మీద కాగితం ఆనించి పైన పెన్సిలు రుద్దితే లోపలి అంకెలు తెల్లగా తేలిన ముద్ర అది. 9417604. మొదటి నాలుగు నిక్షేపంగా ఉంది. చివరి నాలుగుకి అడ్డగీత కింద కాలు లేదు.

మార్త బిందె అంచుమీద ఇంకో కాగితం పరిచి, చాకలిపద్దు రాసుకునే పెన్సిలు ముక్కతో రుద్దింది. ముందు చుక్కలు చుక్కలుగా ఆమె పేరు తేలింది. అది పాత్రల కొట్టువాడు చెక్కింది. దాని పక్కన పెళ్ళి తేదీ తేలింది. 24-4-46. అది కొట్టువాడి చేతిపని కాదు. కోడలికి పెట్టిన బిందె అని, ఏసుపాదం మేస్త్రి తన షెడ్డులో ఇనుము మీద అంకెలు కొట్టే పంచులతో స్వయంగా కొట్టింది.

మూడు నాలుగులు. మూడూ కుంటివే.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. విరిగిన చోట కొద్దిగా ఎడమకు వంగిన ముక్కు, దాని కింద ఆవగింజంత గాటు. అక్కడా అదే, ఇక్కడా అదే.

కృపానందం చాలాసేపు చూశాడు. బళ్ళ జాతకాలు చెప్పే మనిషికి ఇది ఎవరి పోలికో చెప్పడం అక్షరం ముక్క రానివాడికి ఉత్తరం చదవడమంత కష్టమైపోయింది.

“నాలుగు ఎక్కడైనా విరగొచ్చు,” అన్నాడు చివరికి.

“విరగొచ్చు. ఇలాగే విరుగుద్దా?”

మంచం మీదనుంచి దానమ్మ అంది. “అది విరగలేదమ్మాయ్, వీడే విరగ్గొట్టాడు. పంచుల పెట్టె మద్రాసునుంచి దిగి వారం కాలేదు. బలంగా కొట్టమంటే వంకరగా కొట్టాడు. వాళ్ళ నాన్న కొట్టిన దెబ్బకి వీడి చెంప ఛెళ్ళుమంది. నాలుగువేళ్ళూ తేలాయి. ఆ రోజు అన్నం కూడా తినలా. రవూఫే బతిమాలి తినిపించాడు.”

“అమ్మా, నువ్వూరుకో.”

“ఊరుకున్నాను గదరా నాలుగు రోజులు. అసలు ఆ ముద్ర కాయితం మాకెప్పుడు చూపించావు గనక?”

కృపానందం చెయ్యి తనంతట తనే ఎడమ చెంప మీదికి వెళ్ళింది. ముప్పై ఒక్క ఏళ్ళు వెనక్కి వెళ్ళి ఆ దెబ్బ మళ్ళీ తగిలింది.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బళ్ళన్నీ వీపున బొగ్గు డ్రమ్ములు కట్టుకుని పొగ తాగి పరుగెత్తే రోజులు. ఉయ్యూరునుంచి ఒక చెరుకు లారీ వచ్చింది, నీళ్ళు లేక ఇంజను బ్లాకు పగిలి. కొత్త బ్లాకు రైల్లో వచ్చింది. కొత్త బ్లాకు నంబరు లేకుండా ఉత్తదే వస్తుంది. బండి పాత నంబరే దానిమీద చేత్తో కొట్టాలి. అది దొంగతనం కాదు, పద్ధతి. “ఒరేయ్ ఆనందం, నువ్వు కొట్టరా,” అన్నాడు తండ్రి. రవూఫ్ లాంతరు పట్టుకున్నాడు. తొమ్మిది, నాలుగు, ఒకటి... మొదటి నాలుగు బాగానే పడింది. చివరి నాలుగు దగ్గర సుత్తి జారింది.

అంకె కాలు విరిగింది ఆ లారీ మీదే. విరగ్గొట్టిన చెయ్యి తనదే. ఆ చేత్తోనే మొన్న ఆదివారం దాన్ని వేలెత్తి చూపించాడు.

బొగ్గు నల్లగా ఉంటుంది. సిగ్గు ఏ రంగులో ఉంటుందో ఆ నిమిషంలో కృపానందం మొహం చూసినవాళ్ళకు తెలిసేది. మార్త చూడలేదు. తల తిప్పుకుంది.

“నీకెప్పుడు తెలిసింది?” అని అడిగాడు.

“సోమవారం పొద్దున. తోముతుంటే బొటనవేలికి తగిలింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా తగులుతూనే ఉంది, మీరు ఆదివారం వచ్చి కుంటి నాలుగు, కుంటి నాలుగు అని పదకొండుసార్లు చెప్పేదాకా దాని సంగతి పట్టించుకోలేదు. ఆపూటనుంచీ బిందె మీ కంచం పక్కనే పెడుతున్నాను. తాగారు. చూళ్ళేదు.”

“చెప్పొచ్చుగా?”

“మీరు కనిపెట్టేవాళ్ళు కదా. కనిపెడతారని చూశాను.”

కృపానందం లేచి రెండడుగులు వేసి కూర్చున్నాడు. “సరే. సంతకం పెట్టను. మళ్ళీ పరిశీలించిన మీదట అభిప్రాయం మారిందని ఒక ముక్క రాసి పడేస్తాను.”

“ఆదివారం మీరు చెప్పింది అభిప్రాయమా? తీర్పు. ఆ సాయంత్రమే రవూఫన్నయ్య షెడ్డులోంచి రెండు కార్లు వెనక్కి తోలుకుపోయారంట. నంబర్లు మార్చేవాడి దగ్గర బండెవరు పెడతారు? వాళ్ళమ్మాయి జమీలా బజార్లో కనబడి తల దించుకు పోయింది. తప్పు చేసినోళ్ళలాగా.”

“అయితే ఏం చెయ్యమంటావు?”

“బిందె తీసుకెళ్ళి చూపించండి. ముందు ఆయనకి, తర్వాత కమిటీకి.”

“రిక్షా పిలుస్తాను.”

“కాలవ వంతెన దాటితే షెడ్డు. దానికి రిక్షా ఎందుకు?”

“పోనీ నీళ్ళు పారబోసి ఇవ్వు.”

“కుళాయి మళ్ళీ రేపు పొద్దున గానీ రాదు. మంచినీళ్ళు పారబొయ్యను.”

అలా పట్టపగలు నాలుగున్నర గంటలకు, గవర్నర్‌పేటలో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న యాభై ఏళ్ళ మోటారు పండితుడు నీళ్ళబిందె భుజాన పెట్టుకుని రోడ్డెక్కాడు. చొక్కా జేబులో సంతకంలేని కాగితం. అడుగు వేసినప్పుడల్లా బిందె తొణికి నీళ్ళు చెవిలో పడేవి.

“కుళాయి రాలేదాండీ కృపానందంగారూ?” అన్నాడు సోడాబండివాడు.

“కొత్త రేడియేటరా గురువుగారూ?” అన్నాడు లాడ్జి మెట్లమీది మేనేజరు.

ఇంకెప్పుడైనా అయితే ఒక్క మాటకు నాలుగు మాటలు తిరగ్గొట్టేవాడు. నాలుగు అనే మాటే నోటికి రావడంలేదు. తల దించుకుని నడిచాడు. ఆదివారం జనాన్ని నవ్వించింది తనే. నవ్వుకి బాగా రుచి మరిగిన జనం ఇవాళ ఇంకో విడత అడుగుతున్నారు, అంతే.

షెడ్డు తలుపు దగ్గర జమీలా నిలబడి ఉంది. రవూఫ్ కూతురు. చెక్క స్పోకులు ఎండకు ముడుచుకుపోకుండా లారీ చక్రాలకు కట్టే గోనెపట్టాలు బకెట్లో తడుపుతోంది. చిన్నప్పటినుంచీ ‘ఆనందం మామా’ అని ఎదురొచ్చే పిల్ల.

“ఏం కావాలండీ?” అంది.

బిందెకన్నా ఆ అండీ బరువుగా ఉంది.

“మీ నాన్న ఉన్నాడామ్మా?”

“పనిలో ఉన్నారు.” గోనెపట్టా పిండుతూ, తలెత్తకుండా అంది. “బోర్డు విప్పేసి గోడకి ఆనించాం. దానికేగా?”

అతను జవాబు చెప్పేలోగా లోపలనుంచి చప్పుడు వినిపించింది. గర్ర్... గర్ర్... ఇనుము మీద ఆకురాయి నడుస్తున్న చప్పుడు. కృపానందం చెవులు ముందు అర్థం చేసుకున్నాయి, కాళ్ళు తర్వాత.

లారీ ముందు రవూఫ్ వంగి ఉన్నాడు. బానెట్టు ఒకపక్క ఎత్తి ఉంది. ఇత్తడి దీపాలు అద్దంలా మెరుస్తున్నాయి. ఇంజను మీద నీళ్ళ గొట్టం పైన, అంకెలు ఉండాల్సిన చోట, ఇనుము కొత్త రూపాయిలా తెల్లగా అరిగిపోయి ఉంది. ఆరంకెలు లేవు. చివర ఒక్కటి మిగిలింది. కాలు లేనిది.

“రవూఫ్! ఏం చేస్తున్నావురా!”

రవూఫ్ తలెత్తి చూశాడు. మనిషిని కాదు, బిందెను. అంచును. ఒక్క క్షణం ఏదో నవ్వులాంటిది వచ్చి వెళ్ళిపోయింది.

“గుర్తొచ్చిందా?” అన్నాడు.

“నీకు ఆదివారమే గుర్తుందా?”

“మర్చిపోతే కదా. లాంతరు పట్టుకున్నది నేనేగా.”

“మరి అక్కడే చెప్పొచ్చుగా! నా మొహానే కొట్టొచ్చుగా!”

“అంతమందిలో ‘నువ్వు కొట్టిందేరా’ అని ఎట్టా అంటాను? నవ్వరూ? మేస్త్రిగారి కొడుకువి. నీకు పేరే బతుకుతెరువు.” రవూఫ్ ఆకురాయి మీది పొడి ఊదాడు. “రేపు మద్రాసాయన వచ్చి ఎవరు కొట్టారంటే అబద్ధం చెప్పాలి, లేకపోతే నీ పేరు చెప్పాలి. రెండూ నావల్ల కాదు. నంబరే లేకపోతే అడిగేదేం ఉంది? నీ జేబులో కాయితం కూడా చింపెయ్. దాంతో సరి.”

“నంబరు లేకపోతే ఈ లారీ రోడ్డెక్కుద్దా?”

“ఎక్కదు.”

“నాలుగేళ్ళు చేశావురా!”

“చేస్తుండగానే బావుంది,” అన్నాడు రవూఫ్. “రోజూ పొద్దున హ్యాండిలు తిప్పితే మొదట అలిగేది. రెండోసారి గొణిగేది. మూడోసారికి పలికేది. అది విన్నాను గదా. చాల్లే.”

ఇంజను దగ్గు విని వయసు చెప్పేవాడు, ఇంత దగ్గర మనిషి ఊరుకుంటే ఎందుకూరుకున్నాడో కనిపెట్టలేకపోయాడు. బిందె దించాడు. భుజమ్మీది నుంచి బిందె దిగింది గానీ బరువు దిగలేదు.

“ఈ ఒక్కటీ ఎందుకు మిగిల్చావు?” అని అడిగాడు.

“చెయ్యి రాలా. దీనికోసం నువ్వు దెబ్బ తిన్నావు.” రవూఫ్ ఆకురాయి అతని చేతిలో పెట్టాడు. “నీది. నువ్వే రుద్దుకో.”

ఆకురాయి పిడి వెచ్చగా, చెమటగా ఉంది.

సరిగ్గా అప్పుడు షెడ్డు ముందు స్కూటరు ఆగింది. జమీలా ఏదో అంటోంది. హనుమయ్య వినకుండా లోపలికి వచ్చాడు. ఆయన చూపు ముందు బానెట్టు మీద, తర్వాత తెల్లగా అరిగిన ఇనుము మీద, ఆ తర్వాత కృపానందం చేతిలోని ఆకురాయి మీద పడింది. నోరు తెరుచుకుపోయింది.

“ఇదేంటండీ కృపానందంగారూ! నంబరేదీ? ఎవరు చెరిపేశారు?”

వెనకనుంచి, హనుమయ్యకు వినబడనంత మెల్లిగా రవూఫ్ గొంతు వినిపించింది. “బిందె అవతల పెట్టెయ్, ఆనందం. నేను చెప్పుకుంటాను.”

తలుపు దగ్గర జమీలా, తడి గోనెపట్టా చేత్తో పట్టుకుని, మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూస్తోంది.

కృపానందం ఆకురాయి లారీ మడ్‌గార్డు మీద పెట్టాడు. జేబులోంచి సంతకంలేని కాగితం తీసి దాని పక్కన పెట్టాడు. రెండు చేతులతో బిందె ఎత్తి హనుమయ్య ముందుకు నడిచాడు.

“ముందు నీళ్ళు తాగండి హనుమయ్యగారూ,” అన్నాడు. “అంచు చూసి తాగండి.”

హనుమయ్య ఏమీ అర్థంకాక వంగాడు. ఆయన బొటనవేలు బిందె అంచు వెంట మెల్లిగా జరిగి, ఒకచోట ఆగింది.

అప్పుడే కృపానందం వెనక, చెయ్యి రాలేదన్నవాడి చేతిలో, ఆ చివరి నాలుగు మీద, ఆకురాయి మళ్ళీ మొదలైంది.

గర్ర్... గర్ర్...